వేప మనది – మరి చింత ఎవరిది?

పిల్లలూ! మీ ఊరి పేరులో ఏదైనా చెట్టు దాగి ఉందేమో ఎప్పుడైనా వెతికి చూశారా? సిద్దిపేట జిల్లా తొగుట మండలంలో వేములఘాట్ అనే ఊరు ఉండేది. వేము అంటే వేప. మన పల్లెల్లో 'యాప చెట్టు' అంటాం. ఆ పేరు వినగానే రచ్చబండ మీద నీడ పరిచిన పెద్ద వేప కళ్లముందు కనబడుతుంది.

'ఉండేది' అని ఎందుకు అన్నానో మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. కాళేశ్వరం ఎత్తిపోతల పథకంలో భాగంగా కట్టిన మల్లన్నసాగర్ జలాశయంలో ఆ ఊరు మునిగిపోయింది. పల్లెపహాడ్, ఏటిగడ్డ కిష్టాపూర్, లక్ష్మాపూర్, రాంపూర్ వంటి ఊళ్లు కూడా దానితోపాటే వెళ్లిపోయాయి. ఊరు వదలబోమని వేములఘాట్ వాళ్లు 2016 నుంచి వందల రోజులు రిలే నిరాహార దీక్షలు చేశారు. చివరకు 2021లో ఊరు ఖాళీ అయింది. 2022 ఫిబ్రవరి 23న జలాశయాన్ని ప్రారంభించారు. దాని సామర్థ్యం 50 టి.ఎం.సి.లు. ఒక టి.ఎం.సి. అంటే వంద కోట్ల ఘనపుటడుగుల నీరు. యాభై ఎంతవుతుందో మీరే లెక్క కట్టుకోండి.

ఊరి జనానికి గజ్వేల్ పక్కన ముట్రాజ్‌పల్లి దగ్గర కొత్త కాలనీలో ఇళ్లు ఇచ్చారు. మనుషులు సామాను మూట కట్టుకుని వెళ్లగలరు. గొడ్డూ గోదా వెంట నడుస్తాయి. చెట్టు మాత్రం కదలదు. తాత నాటిన చింతను మనవడు బండిలో వేసుకుని పోలేడు. కొత్త చోట మళ్లీ నీడ కావాలంటే మొక్క నాటవలసిందే. అయితే ఏ మొక్క నాటాలి? నర్సరీలో దొరికిన ఏదో ఒకటి నాటితే చాలదా? ఈ ప్రశ్న ముంపు ఊళ్ల వాళ్లకే కాదు, బడి ఆవరణలో మొక్కలు నాటే మీ అందరికీ పనికివస్తుంది. అందుకే ఈ నెల మన చెట్ల పుట్టుపూర్వోత్తరాలు చూద్దాం.

నేను పాఠం చెప్పేటప్పుడు ముందుగా పిల్లల చేత ఊరి చెట్ల పట్టిక రాయిస్తాను. వేప, చింత, మర్రి, రావి, కానుగ, మోదుగ, తుమ్మ, సీతాఫలం, జామ, బొప్పాయి, సీమచింత, జామాయిల్, గుల్‌మొహర్ – ఇలా సాగుతుంది. "ఇందులో పరాయి దేశం చెట్లేవి?" అని అడిగితే అందరూ ఒక్క గొంతుతో "జామాయిల్!" అంటారు. నిజమే, దాని సొంత గడ్డ ఆస్ట్రేలియా. కాని పట్టికలో అదొక్కటే పరాయిది కాదు. జామ, బొప్పాయి, సీతాఫలం అమెరికా ఖండపు ఉష్ణప్రాంతాలవి. సీతమ్మ పేరు పెట్టుకున్నంత మాత్రాన సీతాఫలం దండకారణ్యంలో పుట్టలేదు సుమా! అట్లాంటిక్ సముద్రం దాటి వచ్చిన కొన్ని వందల ఏళ్లకే మన గుట్టల మీద అడవి చెట్టులా కలిసిపోయింది. సీమచింత మెక్సికో నుంచి వచ్చింది. ఎండాకాలంలో ఎర్రగా పూసే గుల్‌మొహర్ మడగాస్కర్ అనే పెద్ద దీవిలో, ఎండిన అడవుల్లో పుట్టింది.

మరి చింత? పప్పుచారు, పచ్చిపులుసు చింతపండు లేనిదే లేవు కదా! కాని వృక్షశాస్త్రజ్ఞులు చింతకు పుట్టిల్లు ఆఫ్రికా అంటారు. అది వేల ఏళ్ల క్రితమే మన దేశానికి వచ్చింది. ఎంత బాగా స్థిరపడిందంటే, అరబ్బులు దాన్ని మన దగ్గర చూసి 'తమర్ హిందీ' అన్నారు, అంటే హిందూదేశపు ఖర్జూరం. శాస్త్రీయ నామమైన టామరిండస్ ఇండికా కూడా ఆ మాట నుంచే పుట్టింది. ఆఫ్రికా చెట్టు ఇంటిపేరు మార్చుకుని భారతీయురాలైందన్నమాట.

పేర్లు కొన్నిసార్లు గుట్టు బయటపెడతాయి. 'సీమ' అని ముందు తగిలిస్తే అది పై దేశం నుంచి వచ్చిందని గుర్తు: సీమచింత, సీమతంగేడు. సర్కారు తుమ్మ, విలాయతి తుమ్మ అన్న పేర్లు కూడా అలాంటివే. ఊళ్ల పేర్లలో ఇంకో ఆధారం ఉంది. వేములవాడ, చింతలపల్లి, తుమ్మలపల్లి, మోదుగులపల్లి, జమ్మికుంట – ఇలా ఎన్నో. జామాయిల్ పేరుతోనో, సర్కారు తుమ్మ పేరుతోనో పాత ఊరు నేనెక్కడా వినలేదు. ఊళ్లు వెలిసేనాటికి ఆ చెట్లు ఇక్కడ లేవు మరి. చింత పేరుతో ఊళ్లున్నాయంటే అది ఆ ఊళ్లు వెలిసేనాటికే ఇక్కడ వేళ్లూనిందన్నమాట. సికింద్రాబాదులో సీతాఫల్‌మండి ఉంది కదా అంటారేమో, అది అంగడి పేరు!

ఇంతకీ 'స్వదేశీ చెట్టు' అని ఎప్పుడంటాం? మనిషి చేయి లేకుండా, తనంతట తానుగా ఒక ప్రాంతంలో పుట్టి, అక్కడి ఎండకూ వానకూ, పురుగుకూ పిట్టకూ లక్షల ఏళ్లు అలవాటుపడినదాన్ని అంటాం. సిద్దిపేట ప్రాంతంలో ఏడాదికి 700, 800 మిల్లీమీటర్ల మధ్య వాన పడుతుంది. అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపలే. మిగతా నెలలు చెట్టు దాచుకున్నదానితో నెగ్గుకు రావాలి. ఆకుల అడుగున ఉండే సన్నని పత్రరంధ్రాల గుండా నీరు ఆవిరై పోతుంటుంది. దీన్నే బాష్పోత్సేకం అంటారు. నీళ్లు లేనప్పుడు ఆకులుంచుకోవడం అంటే చిల్లుకుండను నెత్తిన పెట్టుకోవడమే. అందుకే మోదుగ ఆకులన్నీ రాల్చేసి, ఫిబ్రవరి, మార్చిలో ఉత్త కొమ్మల మీద మంటల్లాంటి పూలు పూస్తుంది. ఆకుల అడ్డు లేదు కాబట్టి పిట్టలకు పూలు దూరం నుంచే కనబడతాయి. తునికి ఇంకో ఉపాయం చేస్తుంది. మంటలు వచ్చినా, గొడ్డలి పడినా వేళ్ల నుంచి మళ్లీ పిలకలు వేస్తుంది. దుబ్బాక, సిద్దిపేటల్లో బీడీలు చుట్టే అమ్మలకు ఆకు దొరికేది ఆ చిగుళ్ల వల్లనే.

వేప సంగతి మరీ చిత్రం. అది కూడా ఆకు రాలుస్తుంది కాని, వాన కోసం ఆగదు. ఎండలు ముదురుతుండగానే చిగురించి, ఉగాది పచ్చడికి సరిగ్గా పూత అందిస్తుంది. నేల పైపొర పొడిపొడిగా ఉన్న రోజుల్లో ఆ చిగురుకు నీరెక్కడిది? లోతుకు దిగిన వేళ్లే రాతి పగుళ్ల మధ్య మిగిలిన తేమను పైకి తోడిపెడతాయి. మిగతావన్నీ మోడువారి ఉన్నప్పుడు నీడ ఇచ్చేది కాబట్టే దాన్ని ఊరి నడుమ నాటుకున్నారు.

ఇప్పుడు మిమ్మల్ని కాస్త దూరం తీసుకుపోతాను. పసిఫిక్ మహాసముద్రం నడుమ హవాయి దీవులున్నాయి. సిద్దిపేట 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉంటే, ఆ దీవులు 19, 22 డిగ్రీల మధ్య ఉన్నాయి. దీవి అంటే పచ్చగా, తడిగా ఉంటుందని అనుకుంటాం. కాని అక్కడ గాలులు ఈశాన్యం నుంచి వీచి, కొండలకు కొట్టుకుని, వానంతా ఆవైపే కురిపిస్తాయి. కొండలకు ఇవతలి వైపు ఎండిపోయి ఉంటుంది. పడమటి కనుమలు అడ్డుపడి మన దక్కను పీఠభూమికి వాన తగ్గించడం లేదా, అలాగే! ఆ ఎండిన వైపు విలివిలి అనే చెట్టు ఉంది. అది మన బాడిద జాతిది. మోదుగలాగే ఎండల్లో ఆకు రాల్చి, బోసి కొమ్మల మీద పూస్తుంది. వేల మైళ్ల దూరంలో ఉన్నా ఎండ నేర్పిన పాఠం ఒకటే.

ఒక తేడా మాత్రం ఉంది. హవాయి నేల మీద మనిషి రాకముందు మేకా లేదు, ఆవూ లేదు. కొరికేవాళ్లు లేనప్పుడు ముళ్లెందుకు? చాలా మొక్కలు ముళ్లూ చేదూ లేకుండానే పెరిగాయి. 1778లో కెప్టెన్ కుక్ ఓడ మేకలను దింపింది. ఇక చూడండి, కాపలా లేని తోటలో పడ్డట్టయింది. తరువాత 1828లో బాషెలో అనే క్రైస్తవ గురువు పారిస్ నుంచి తెచ్చిన గింజతో హొనొలులులో ఒక చెట్టు నాటాడు. దాన్ని అక్కడివాళ్లు 'కియావే' అంటారు. అది సర్కారు తుమ్మకు అక్కచెల్లెలు. ఇవాళ ఆ దీవుల ఎండు తీరాలన్నీ దానివే. మన సుబాబుల్ కూడా అక్కడికి వలస వచ్చినదే. దాని పేరు 'కోవా హవోలే'. హవోలే అంటే పరాయి. మన 'సీమ' లాంటి మాటే కదూ!

మన రేగు, కలివి, తుమ్మ ముళ్లు ఇప్పుడు గుర్తు చేసుకోండి. మన చెట్లు జింకలతో, దుప్పులతో, ఆ తరువాత మేకలతో, గొడ్లతో పోరాడుతూ పెరిగినవి. అందుకే దీవుల చెట్లంత తేలికగా ఓడిపోలేదు. అయినా మనకూ దీవులున్నాయి. చుట్టూ నీరుంటేనే దీవి అనుకోకండి. చుట్టూ దున్నిన పొలాలు, మక్కచేలు, పత్తిచేలు ఉండి, మధ్యన నాగలి ఎక్కని రాళ్ల గుట్ట ఉంటే అదీ ఒక దీవే. బలుసు, కలివి, తునికి, పాల, మోదుగ అక్కడే తలదాచుకుంటాయి. ఒక గుట్ట మీది చెట్టు గింజ ఇంకో గుట్ట చేరాలంటే పిట్టో, నక్కో మోసుకుపోవాలి.

ఇప్పుడు అసలు కథకు వస్తాను. ఇది ఇద్దరు చుట్టాల కథ. ఒకటి మన జమ్మి, రెండోది సర్కారు తుమ్మ.

దసరా నాడు ఆకు పంచుకునే జమ్మి తెలంగాణ రాష్ట్ర వృక్షం. పాండవులు ఆయుధాలు దాచింది ఈ చెట్టు మీదేనని భారత కథ చెబుతుంది. రాజస్థాన్‌లో దీన్ని ఖేజ్‌డీ అంటారు. 1730లో జోధ్‌పూర్ దగ్గర ఖేజడ్లీ గ్రామంలో రాజుగారి మనుషులు ఈ చెట్లు నరకడానికి వస్తే, అమృతాదేవి మొదలుగా 363 మంది బిష్ణోయీలు చెట్లను కావలించుకుని ప్రాణాలిచ్చారు. జమ్మిది చిక్కుడు కుటుంబమే. ఈ కుటుంబంలో చాలా మొక్కల వేళ్లలోని బుడిపెల్లో రైజోబియం అనే సూక్ష్మజీవులు కాపురముంటాయి. అవి గాలిలోని నత్రజనిని పట్టి ఎరువుగా మారుస్తాయి. జమ్మి కింద సజ్జ బాగా పండుతుందని ఎడారి రైతు నమ్మకం. అది ఉత్త నమ్మకం కాదు. రాలిన ఆకుతో ఆ నేలలో సారం పెరుగుతుంది. పైగా దాని వేళ్లు పైరుతో పోటీపడకుండా లోతుకు పోతాయి.

సర్కారు తుమ్మ పుట్టిల్లు అమెరికా ఖండం. అది మన దేశానికి వచ్చిన దారి మన తెలుగు నేల మీదుగానే పడింది. 1876లో మద్రాసు రాష్ట్రపు అటవీ అధికారి బెడోమ్, వంటచెరకు కరువు తీరడానికి దీని విత్తనాలు తెప్పించమని పై అధికారులకు రాశాడు. విత్తనాలు వచ్చాక కడప జిల్లా కమలాపురంలో నాటారు. ఆ తరువాత అనేక చోట్ల ప్రభుత్వాలే దీన్ని పెంచాయి. 1940లో జోధ్‌పూర్ సంస్థానం దీన్ని 'రాజవృక్షం' అని ప్రకటించింది కూడా. సర్కారు నాటించిన తుమ్మ కనుక సర్కారు తుమ్మ అయింది. గుజరాత్ వాళ్లు మాత్రం దీన్ని 'గాండో బావళ్' అంటారు. పిచ్చి తుమ్మ అని అర్థం.

ఎందుకు పిచ్చి? దీని ఆకును మేక కూడా సరిగా ముట్టదు. కాయ మాత్రం తియ్యగా ఉంటుంది, గొర్రె, మేక, ఆవు అన్నీ తింటాయి. గింజ పైపెంకు గట్టిది, కడుపులో అరగదు. పైగా కడుపులోని ఆమ్లాలకు పెంకు మెత్తబడి, పేడతోపాటు బయటపడేసరికి మొలకెత్తడానికి తయారుగా ఉంటుంది. అంటే, ఆకు కాపాడుకుంటుంది, కాయతో కూలి ఇచ్చి గింజలు మోయిస్తుంది! కొమ్మ నరికితే మొదట్లో పది పిలకలు వేస్తుంది. వేళ్ల సంగతి వినండి: అమెరికాలోని అరిజోనాలో ఒక గని తవ్వుతుంటే, మెస్కిట్ అని పిలిచే దీని జాతి చెట్టు వేళ్లు 53 మీటర్ల లోతున కనబడ్డాయి. పదిహేను అంతస్తుల మేడంత లోతు! ఇది చాలదన్నట్టు, దీని ఆకుల్లోంచి నేలలోకి దిగే రసాయనాలు ఇతర మొక్కల మొలకలను అణచివేస్తాయి.

ఈ రెండు చెట్లనూ శాస్త్రజ్ఞులు చాలాకాలం ప్రోసోపిస్ అనే ఒకే ప్రజాతిలో ఉంచారు. 2022లో దగ్గరగా పరిశీలించి విడదీశారు. జమ్మి ప్రోసోపిస్‌గానే ఉండిపోయింది, సర్కారు తుమ్మకు నెల్‌టూమా అనే కొత్త ఇంటిపేరు వచ్చింది. చుట్టరికం పోలేదు, వేరు కాపురం పెట్టించారంతే.

కెన్యా దేశంలో బారింగో సరస్సు దగ్గరి పశుపోషకులు దీని మీద 2006లో కోర్టుకే వెళ్లారు. తియ్యటి కాయలు తిని తిని పళ్లూడిపోయిన మేకను సాక్ష్యంగా కోర్టుకు పట్టుకుపోయారు! అలాగని సర్కారు తుమ్మను రాక్షసిగా చూపడం నాకిష్టం లేదు. భూమి లేని ఎన్నో ఇళ్లలో పొయ్యి వెలిగింది దీనితోనే. బొగ్గు కాల్చి బతికేవాళ్లున్నారు. చేను చుట్టూ కంచె ఇదే. వంటచెరకు కోసం ఊరి చుట్టూ ఉన్న అడవి నరకకుండా అది కొంత కాపాడింది కూడా. తప్పు చెట్టుది కాదు. తన శత్రువులను, అంటే తన గింజ తినే పురుగులను, తన రోగాలను పుట్టింట్లో వదిలేసి వచ్చింది. ఇక్కడ అడ్డు లేకపోయింది.

ఈ మాట రుజువు కావాలంటే మన నల్ల తుమ్మను చూడండి. మన చెరువు శిఖం భూముల్లో ఒద్దికగా పెరిగే చెట్టు. బండి చక్రాలకూ నాగళ్లకూ కర్ర, మేకలకు కాయ ఇస్తుంది. 1890ల నుంచి దీన్ని ఆస్ట్రేలియాలో నాటారు. గొర్రెలకు నీడా మేతా అవుతుందని క్వీన్స్‌లాండ్ ప్రభుత్వమే దీన్ని మెచ్చుకుంది. ఇప్పుడక్కడ లక్షల హెక్టార్ల గడ్డి మైదానాలను ఆక్రమించి, జాతీయ స్థాయి కలుపు మొక్కల జాబితాకు ఎక్కింది! ఉత్తర ఆస్ట్రేలియాలో మన వేప కూడా కలుపు మొక్కే. అదే వేప, మక్కా దగ్గర అరఫాత్ మైదానంలో వేల సంఖ్యలో నిలబడి హజ్ యాత్రికులకు నీడనిస్తోంది. మనం వాళ్లకు తుమ్మ ఇచ్చాం, వాళ్లు మనకు జామాయిల్ ఇచ్చారు. ఇద్దరికీ ఇబ్బందే! జామాయిల్ త్వరగా పెరిగి కాగితపు మిల్లులకు గుజ్జునిస్తుంది. నీరు ఎక్కువ తోడుతుందన్న కారణం మీద కర్ణాటకలో 2017లో కొత్తగా నాటడం నిషేధించారు.

కోనోకార్పస్ గురించి కూడా ఒక మాట చెప్పాలి. రోడ్ల నడుమ శంకువుల్లా కత్తిరించి పెంచే చెట్టు అది. సోమాలియా, యెమెన్ తీరాల నుంచి వచ్చింది. గుజరాత్ 2023లో దాన్ని నిషేధించింది. పుప్పొడితో ఆయాసం, వేళ్లతో పైపులకు దెబ్బ అని కారణాలు చెప్పారు. కాని "అది ప్రాణవాయువే ఇవ్వదట సార్" అని పిల్లలు చెబుతుంటారు. అది పుకారు. పచ్చని ఆకుండి, కిరణజన్య సంయోగక్రియ జరిపే ఏ చెట్టయినా ప్రాణవాయువు ఇచ్చి తీరుతుంది. ఒక చెట్టు వద్దనుకోవడానికి నిజమైన కారణాలు ఉండగా అబద్ధం అవసరం లేదు.

స్వదేశీ చెట్టయితే చాలు, దిగులు లేదనీ అనుకోకండి. 2021లో తెలంగాణ అంతటా వేపచెట్ల కొమ్మలు చివర్ల నుంచి మాడిపోయినట్టు ఎండడం మీ అన్నలూ అక్కలూ చూసే ఉంటారు. ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం, దానికి తోడు రసం పీల్చే తేయాకు దోమ ఆ పని చేశాయి. చాలా చెట్లు మళ్లీ చిగురించాయి. హవాయిలో విలివిలికి ఇంతకంటే పెద్ద ఆపద వచ్చింది. 2005లో ఒక చిన్న కందిరీగ జాతి పురుగు అక్కడికి చేరి ఆకుల నిండా బుడిపెలు కట్టించి వేల చెట్లను చంపింది. శాస్త్రజ్ఞులు దాని శత్రువును ఆఫ్రికాలోని టాంజానియాలో వెతికి పట్టుకుని, 2008లో విడిచిపెట్టారు. దానితో చెట్లు తేరుకున్నాయి. ఒక్క జాతినే వరసగా నాటితే, రోగం వచ్చిన ఏడు ఊరంతా బోసిపోతుంది. అందుకే నాలుగైదు రకాలు కలిపి నాటమంటాను.

ఇక మునిగిన చెట్ల ప్రశ్న. ఎండను అంతగా ఓర్చుకునే వేప నీట నిలిస్తే ఎందుకు చస్తుంది? వేళ్లు కూడా ఊపిరి పీలుస్తాయి పిల్లలూ! మట్టి కణాల మధ్య సందుల్లోని గాలి నుంచి ప్రాణవాయువు తీసుకుని శ్వాసక్రియ జరుపుతాయి. ఆ సందులను నీరు నింపేస్తే, నీటిలో ప్రాణవాయువు గాలిలో కంటే సుమారు పదివేల రెట్లు నిదానంగా కదులుతుంది. వేరు మొదట ప్రాణవాయువు లేకుండానే పిండిపదార్థాన్ని పులియబెట్టి కొంత శక్తి తీసుకుంటుంది. ఆ శక్తి చాలదు. వేరు చివర్లు కుళ్లుతాయి. చిత్రమేమిటంటే, వేళ్లు నీరు తీసుకోలేక ఆకులు వాడతాయి. చుట్టూ నీరుండగా చెట్టు దాహంతో చస్తుందన్నమాట! నల్ల తుమ్మ, కానుగ మాత్రం కొన్నాళ్ల ముంపును తట్టుకుంటాయి. చెరువు శిఖంలో తుమ్మను, వాగు ఒడ్డున కానుగను పెద్దలు ఉంచింది ఊరికే కాదు. అయితే ఏడాది పొడవునా నిలిచే లోతు నీటిలో అవీ బతకవు.

కొత్త కాలనీలో, కొత్త బడిలో నాటదలచినవాళ్లకు కొన్ని మాటలు. వేపపండ్లు జూన్, జూలైలో రాలతాయి. గుజ్జు కడిగి, నీడలో ఆరబెట్టి, రెండు మూడు వారాల్లోపు నాటేయాలి. ఆలస్యమైతే గింజ మొలవదు. చింతగింజ అలా కాదు, డబ్బాలో నెలల తరబడి ఉన్నా మొలుస్తుంది. కాని కాపుకు రావడానికి ఎనిమిది, పదేళ్లు ఓపిక పట్టాలి. ఆ తరువాత వందేళ్లకు పైగా ఉంటుంది. ఇరుకు సందులో చింత, మర్రి, రావి వద్దు, వాటికి బహిరంగ స్థలం కావాలి. ఇంటిముందు వేప, కానుగ సరిపోతాయి. పెరట్లో జామ, సీతాఫలం పెట్టుకోండి. పరాయివని వాటిని తరమవలసిన పని లేదు, పిల్లలకు పండ్లు వద్దా! జమ్మి నిదానంగా పెరుగుతుంది, అయినా ఊరికొకటి ఉండాలి. మోదుగను గుట్ట పక్కన, బంజరులో నాటండి. పాత ఊరి చెట్టు కింద రాలిన గింజ ఎవరింట్లోనైనా దాచి ఉంటే, అది చింతదైతే ఇంకా ప్రయత్నించవచ్చు.

చివరగా, మీరే చేసి చూడవలసిన ప్రయోగం ఒకటి. సర్కారు తుమ్మ నిజంగా మొలకలను అణచివేస్తుందా? ఎండిన సర్కారు తుమ్మ ఆకు గుప్పెడు (ముళ్లు జాగ్రత్త, పెద్దవాళ్లను తోడు తీసుకోండి), జమ్మి ఆకు గుప్పెడు, వేపాకు గుప్పెడు వేరువేరు గ్లాసుల నీళ్లలో ఒక రోజంతా నానబెట్టి వడకట్టండి. నాలుగు పళ్లాల్లో తడి గుడ్డ పరచి, ఒక్కోదానిలో ఇరవై పెసలు వేయండి. మూడింటిని ఆ మూడు కషాయాలతో, నాలుగోదాన్ని మామూలు నీటితో తడుపుతూ ఉండండి. అన్నింటికీ ఒకే కొలత చెంచా వాడండి. నాలుగో రోజున ఎన్ని మొలిచాయో లెక్కపెట్టి, మొలక వేరు పొడవు స్కేలుతో మిల్లీమీటర్లలో కొలిచి రాసుకోండి. వేప పళ్లెం లెక్క రాసేటప్పుడు మన చెట్టు కదా అని దయ చూపకూడదు. అక్కడా మొలకలు తగ్గితే తగ్గాయనే రాయాలి.